జూ పార్కులో తోడేలు ఫొటో: అపోహలు - వాస్తవాలు

బెజవాడ, గుంటూరు దగ్గర్లో తోడేలును నమ్మకంగా చూసి ఫొటో తీయగలిగే చోటు లేదు. అందుకే ఇక్కడి ఫొటోగ్రాఫర్లు విశాఖ ఇందిరా గాంధీ జూ పార్కుకో, హైదరాబాద్ నెహ్రూ జూ పార్కుకో రైలెక్కుతారు. రెండింటికీ సోమవారం సెలవు. తోడేళ్లను ఆ రోజుల్లో సందర్శకులకు చూపిస్తున్నారో లేదో, కెమెరాకి విడిగా టికెట్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏసీ బోగీలోంచి దిగిన వెంటనే బ్యాగు తెరవకండి. చల్లబడిన లెన్సుకి తీరప్రాంతపు తేమగాలి తగిలితే అద్దం మీద నీటిపొర కడుతుంది. బ్యాగు మూసే ఉంచి ఓ అరగంట ఆగితే ఆ బాధ ఉండదు.

అపోహ: లెన్సు పెద్దదైతే చాలు, కంచె మెష్ (తీగల వల) ఫొటోలో దానంతటదే మాయమైపోతుంది.

మాయం చేసేది లెన్సు ఒక్కటే కాదు, దూరాలు కూడా. ఒక చిన్న లెక్క చూడండి. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్సు మీద ఎం.ఎం.లో ఉండే అంకె) ఎఫ్ నంబరుతో (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) భాగిస్తే, వెలుతురు లోపలికొచ్చే రంధ్రం వెడల్పు వస్తుంది. 300 ఎం.ఎం. లెన్సుని ఎఫ్ 5.6 దగ్గర పెడితే అది సుమారు 53 మిల్లీమీటర్లు. అదే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుని 18 ఎం.ఎం., ఎఫ్ 8లో పెడితే 2 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. మెష్ తీగ మందం 3 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, రెండో రంధ్రాన్ని ఆ తీగ పూర్తిగా మూసేయగలదు. మొదటిదానికి మాత్రం అదొక సన్నటి అడ్డం, అంతే.

ఇప్పుడు దూరాల సంగతి. జూలో సందర్శకుల రెయిలింగు మెష్‌కి కాస్త ఎడంగా ఉంటుంది. ఆ ఎడం మీటరున్నర, తోడేలు మీకు 15 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 15లోంచి 1.5 తీసేసి, వచ్చినదాన్ని 15తో భాగించి, 53తో హెచ్చవేస్తే సుమారు 48 వస్తుంది. అంటే ప్రతి తీగా 48 మిల్లీమీటర్ల మేర అలుక్కుపోతుంది. మెష్ గడి 50 మిల్లీమీటర్లదైతే పక్కపక్క తీగల మసకలు దాదాపు ఒకదాన్నొకటి అంటుకుంటాయి. అప్పుడు గళ్లు కనిపించవు, ఫొటో మొత్తం మీద కాంట్రాస్ట్ కొద్దిగా తగ్గుతుంది. అదే తోడేలు మెష్ దగ్గరికి, మీకు 3 మీటర్లలోకి వచ్చిందంటే ఆ 48 కాస్తా 27కి పడిపోతుంది. ముఖం మీద బూడిదరంగు చారలు పడతాయి. చాలామంది సరిగ్గా అప్పుడే, దగ్గరికొచ్చిందన్న ఉత్సాహంలో వరసపెట్టి నొక్కుతారు. తోడేలు మెష్ నుంచి దూరంగా, ఆవరణ మధ్యకి వెళ్లేదాకా ఆగండి.

ఎండ పడుతున్న మెష్ ముందు ఈ లెక్క కూడా తప్పుతుంది. మెరిసే తీగ ఎంత అలుక్కుపోయినా తెల్లటి పొరలా మిగులుతుంది. ఆవరణ చుట్టూ ఒకసారి నడిచి, చెట్టు నీడ మెష్ మీద పడే చోటు వెతుక్కోండి. మెష్ నీడలో, జంతువు వెలుతురులో ఉండాలి. లెన్సు ముందుండే గొట్టం లాంటి హుడ్ తీయకండి. ఎఫ్ నంబరు మీ లెన్సులో ఎంత తక్కువకు వెళ్తే అంత తక్కువలో పెట్టండి.

ఆటోఫోకస్ మెష్‌ని పట్టుకుంటుంటే చాలా టెలిఫొటో (దూరాన్ని దగ్గర చేసే) లెన్సుల పక్కన ఉండే ఫోకస్ లిమిటర్ మీటని దూరం వైపు జరపండి. దగ్గరి దూరాలను లెన్సు ఇక వెతకదు. ఆపైన ఒకే ఫోకస్ పాయింట్‌ని తోడేలు కంటి మీద పెట్టండి. మీట లేకపోతే మాన్యువల్‌లో తోడేలు దూరానికి దాదాపుగా తిప్పి, అక్కణ్ణుంచి ఆటోఫోకస్‌కి అప్పగించండి. జంతువుల కంటిని గుర్తుపట్టే కెమెరాలు కూడా తీగలు బాగా మసకైతేనే సరిగ్గా పనిచేస్తాయి.

ఫోన్‌తో తీసేవాళ్ల సంగతి వేరే. ఫోన్ లెన్సు రంధ్రం కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి తీగ మసకయ్యే ఆశ లేదు, గడి మధ్యలోంచి తీయాల్సిందే. దానికోసం రెయిలింగు మీదుగా వంగి చేయి చాపకూడదు. నీటి కందకమో అద్దమో ఉన్న వైపుంటే అక్కడికి వెళ్లండి. అద్దానికి హుడ్ ఆనించి, నల్ల గుడ్డ కప్పితే ప్రతిబింబాలు పోతాయి.

ముందుగా సాధన చేయాలంటే మీ వీధి చివర స్కూలు మైదానం కంచె చాలు. కంచె వెనక నడిచే వీధికుక్కను ఇవే దూరాల్లో తీసి చూసుకోండి.

అపోహ: మెష్ పడినా పర్వాలేదు, తర్వాత ఏఐతో తీసేయొచ్చు.

తీగ వెనకాల ఉన్న బొచ్చు కెమెరాకి చేరనే లేదు. సాఫ్ట్‌వేర్ అక్కడ కొత్త బొచ్చు కల్పిస్తుంది. చెంపల మీది తెలుపు, కంటి చుట్టూ ఉండే గీతలు ఒక్కో తోడేలుకి ఒక్కో రకంగా ఉంటాయి. అవి మారిపోతే అది మీరు చూసిన తోడేలు కాదు. వెనక గడ్డి మీద తీగ మరకైతే సరే. ముఖం మీద వద్దు.

అపోహ: ఉప్పలపాడులో పనికొచ్చిన సెట్టింగులే ఇక్కడా పనికొస్తాయి.

గుంటూరువాళ్లలో చాలామందికి తొలి బడి ఉప్పలపాడు పక్షుల చెరువే. అక్కడ తెల్లటి పక్షుల ఈకలు ఫొటోలో వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్‌ని (ఫొటోకి అందే వెలుతురు) మైనస్‌లో పెట్టడం అలవాటవుతుంది. ఆ మైనస్ 0.7 అలాగే మర్చిపోయి తోడేలు మీద వాడితే బూడిద-గోధుమరంగు బొచ్చు మట్టి ముద్దలా వస్తుంది, కళ్లు చీకట్లో కలిసిపోతాయి. సున్నాతో మొదలుపెట్టండి. వెనక ఎండుగడ్డి మెరుస్తుంటే ప్లస్ 0.3 నుంచి 0.7 దాకా పెంచండి.

షట్టర్ వేగం కూడా అంతే. పడుకున్న తోడేలుకి స్టెబిలైజేషన్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఉన్న లెన్సుతో 1/250 సెకను సరిపోతుంది. నడుస్తుంటే 1/500, పరిగెడితే 1/1000 లేదా ఇంకా ఎక్కువ. చెట్ల నీడలో దీనికి ఐఎస్‌వో (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600, 3200 దాకా పోతుంది, పోనివ్వండి. ఫొటోలో పడే గింజల్లాంటి చుక్కల్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన కన్నును బాగుచేయలేం. మిర్రర్‌లెస్ కెమెరాల్లో సైలెంట్ షట్టర్ పెట్టి, పరిగెడుతున్న తోడేలుని ఫొటో తీస్తే చాలా మోడళ్లలో కాళ్లు వంకరగా వస్తాయి. అలాంటప్పుడు మెకానికల్ షట్టర్‌కి మారండి.

అపోహ: ఎండ ఎంత ఉంటే ఫొటో అంత షార్ప్.

మన మే నెల మధ్యాహ్నం వేడెక్కిన నేల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. 40 మీటర్ల అవతలి తోడేలుని 600 ఎం.ఎం.లో తీస్తే, ఎంత ఖరీదైన లెన్సయినా బొచ్చు నీళ్లలో ఉన్నట్టు వస్తుంది. పైగా నడినెత్తిన ఎండకి నుదుటి ఎముక నీడ కళ్ల మీద పడి, ఆ తేనెరంగు కనుపాప కనిపించదు. ఆ వేళకి తోడేళ్లు కూడా నీడలో పడుకునే ఉంటాయి. గేటు తెరిచిన మొదటి గంట, మూసే ముందు గంట మంచివి. వేసవిలో బొచ్చు పలచబడి జంతువు చిక్కినట్టు కనిపిస్తుంది, అది జబ్బు కాదు. నిండైన బొచ్చు కావాలంటే చలికాలం, కళ్ల రంగు కావాలంటే మబ్బు పట్టిన రోజు వెళ్లండి.

అపోహ: ఊళ వేసో, చప్పట్లు కొట్టో పిలిస్తే మనవైపు చూస్తుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 38జె ప్రకారం జూలో జంతువుని ఆటపట్టించడం, తిండి పెట్టడం, చప్పుడుతో ఇబ్బంది పెట్టడం నేరం. చట్టం సంగతి పక్కనపెట్టినా, అరిస్తే వచ్చే ఫొటో ఏమిటి? చెవులు వెనక్కి నొక్కి, తోక కాళ్ల మధ్యకి తెచ్చుకుని, లేచి వెళ్లిపోయే జంతువు. ఫ్లాష్ కూడా వద్దు. వెలుగు మెష్ మీద పడి వెనక్కి కొడుతుంది, కళ్లు పచ్చగా మెరుస్తాయి.

కదలకుండా నిలబడితే తోడేలు నడిచే దారి తెలుస్తుంది. ఆవరణలో అది తరచూ ఒకే బాటలో తిరుగుతుంది. ఆ బాట మెష్‌కి దూరంగా మలుపు తిరిగే చోట ముందే ఫోకస్ చేసి ఉంచండి. మలుపులో తల మీవైపు వస్తుంది. అయితే గంటల తరబడి ఆగకుండా అదే గీత మీద తిరుగుతుంటే అది ఒత్తిడి లక్షణం కావచ్చు. దాన్ని ‘వేటకి సిద్ధం’ అని పోస్టు చేయకండి.

అపోహ: తోక ఎత్తి నడిచేది గుంపుకి ‘ఆల్ఫా’ (నాయకుడు), పళ్లు కనిపిస్తే కోపం.

ఆల్ఫా మాట ఎక్కువగా బంధించి ఉంచిన, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ల పరిశీలనల నుంచి వచ్చింది. అడవిలో గుంపంటే సాధారణంగా అమ్మానాన్నలు, వాటి పిల్లలు. ఆ మాటకి ప్రచారం తెచ్చినవాళ్లలో ఒకరైన శాస్త్రవేత్త డేవిడ్ మెక్, 1999 నాటి తన వ్యాసంలో ఇదే వివరించి దాన్ని వాడొద్దన్నారు. ఇక పళ్ల సంగతి: మన ఎండల్లో కనిపించేవి చాలావరకు ఆవలింతలు, రొప్పులు.

అపోహ: నక్కైనా తోడేలైనా ఒకటే.

కృష్ణా డెల్టా పొలాల్లో తీసిన నక్క ఫొటోకి ‘తోడేలు’ అని పేరు పెట్టడం తరచూ కనిపిస్తుంది. నక్క పది కిలోలకి అటూ ఇటూ, మూతి సన్నం, కాళ్లు పొట్టి. తోడేలు బరువు దాదాపు దానికి రెట్టింపు, కాళ్లు పొడుగు, మూతి వెడల్పు.

అపోహ: జూ ఫొటో అని చెప్తే విలువ పోతుంది.

దాచితేనే పోతుంది. 2009లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో పెద్ద బహుమతి కొట్టింది గేటు మీదుగా దూకే తోడేలు ఫొటో. అది మచ్చిక చేసిన తోడేలు అయ్యుండే అవకాశం చాలా ఎక్కువని న్యాయనిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఫొటోగ్రాఫర్ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. పోటీకి పంపేముందు బంధించిన జంతువుల గురించి నిబంధన ఏముందో చదవండి. ఎక్కడ పెట్టినా క్యాప్షన్‌లో జంతువు పేరు, జూ పేరు, ఊరు, నెల రాయండి. ఫైలు వివరాల్లోనూ అవే నింపండి, ఎందుకంటే ఫొటో వాట్సాప్‌లో చేతులు మారేకొద్దీ క్యాప్షన్ ఊడిపోతుంది. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోలో ఆ వివరాలు కూడా పోతాయి కాబట్టి, అసలు ఫైలుని డాక్యుమెంట్‌గా పంపండి.