కేజీఎఫ్ దిబ్బలు: బంగారం ఒకరికి, దుమ్ము ఇంకొకరికి

కోలార్ బంగారు గనుల దగ్గర గుట్టల్లా పేరుకున్న సైనైడ్ దిబ్బల, అంటే బంగారం తీశాక పారబోసిన రాతిపొడి కుప్పల, గొడవ మళ్లీ రాజుకుంది. 13 దిబ్బలను తవ్వి బంగారం తీసే ప్రతిపాదనను కేంద్రం పంపితే, 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సరేనంది. దిబ్బలు ఉన్న నేల 1,003 ఎకరాలు. అందులో ఉన్న పొడి సుమారు 3.3 కోట్ల టన్నులు. టన్నుకు 0.7 గ్రాముల చొప్పున లెక్కేసి, మొత్తం మీద 23 టన్నుల బంగారం ఉందంటున్నారు.

జాన్ టేలర్ కంపెనీ 1880లో రావడం, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తేవడం, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగడం అందరూ చదివినవే. సినిమా వచ్చాకైతే వాటి గురించి రాయనివాళ్లు లేరు. ఇవాళ్టి తగాదాకు మూలం మాత్రం గని పైన, మిల్లులో ఉంది. 1890ల్లో అక్కడ జరిగిన ఒక మార్పులో ఉంది.

అప్పటిదాకా పద్ధతి ఇది. పైకి తెచ్చిన రాయిని స్టాంపు మిల్లులో వేసేవారు. బరువైన ఇనుప రోకళ్లు పగలూ రాత్రీ దంచుతుంటే, నీళ్లతో కలిసిన గుజ్జు పాదరసం పూసిన రాగి పలకల మీదుగా జారేది. బంగారం రేణువులు పాదరసానికి అంటుకుపోయేవి. ఆ ముద్దను పలకల మీద నుంచి గీకి, గట్టి గుడ్డలో వేసి పిండి, మూసిన పాత్రలో కాల్చేవారు. పాదరసం ఆవిరై, చల్లబడి మళ్లీ చేతికొచ్చేది. అంతా వచ్చేది కాదు. దంపుడులో కొంత పాదరసం కంటికి ఆనని పూసలుగా చెదిరి, గుజ్జుతో పాటే బయటికి పోయేది. పలకలకు చిక్కని సన్న బంగారం కూడా దాని వెంటే పోయేది.

1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు కలిసి పలచని సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. శతాబ్దం మారేలోపే అది కోలార్‌కు చేరింది. నా ఉద్దేశంలో కథంతా తిరిగింది ఇక్కడే. పారబోసిన ఇసుక ఒక్కసారిగా ఆస్తి అయిపోయింది. అయితే సైనైడ్ బాగా పనిచేయాలంటే రాయి ఇంకా మెత్తబడాలి, ద్రావణం ప్రతి రేణువునూ తాకాలి. అలా నూరిన రాయి బంగారం పోగొట్టుకుని, టాల్కం పౌడరంత మెత్తగా బయటికొచ్చింది. బురదగా పారించారు, ఎండింది, దాని మీద ఇంకో పొర పోశారు. విలువ, దుమ్ము రెండూ ఒకే మరలోంచి వచ్చాయి.

గనులు నడిపినవాళ్లు కూడా వీటిని చెత్తగా ఎప్పుడూ రాసుకోలేదు. మూతపడక ముందే పాత దిబ్బల్లో కొన్నింటిని మళ్లీ కడిగి బంగారం తీశారు. వాటి నుంచే టంగ్‌స్టన్ ఇచ్చే షీలైట్ ఖనిజాన్నీ రాబట్టారు. ఎప్పటికైనా పనికొచ్చే సరుకు మీద మట్టి కప్పి, గడ్డి పెంచి శాశ్వతంగా మూసేస్తామని ఎవరూ అనుకోరు కదా.

2001 ఫిబ్రవరి 28న, అప్పటికి ఈ గనులను నడుపుతున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. లోతు నుంచి తీసే ఖర్చు అమ్మే ధరను దాటిపోయిందన్నారు. అప్పటికి 10 గ్రాముల బంగారం నాలుగు వేల చిల్లర. మంత్రివర్గం సరేనన్న 2024 జూన్‌కు అది 70 వేలు దాటింది. దిబ్బలకు గనిలోకి దిగే నిలువు బావి, అదే షాఫ్టు, అక్కర్లేదు, లిఫ్టు అక్కర్లేదు, రాయి దంచే పని ఇప్పటికే అయిపోయింది. అందుకే ఇప్పుడు అందరి కళ్లూ దిబ్బల మీదే.

ఉద్యోగం పోయినవాళ్లు మూడు వేల మందికి పైనే. వాళ్లలో తమిళులు ఎక్కువ, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు కూలికో, ఆఫీసుకో పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. గనిని మేమే నడుపుకుంటామని మాజీ కార్మికుల సొసైటీలు ముందుకొచ్చాయి. 2006లో కేంద్రం గ్లోబల్ టెండర్ వైపు మొగ్గింది. వ్యాజ్యం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో టెండర్‌కు దారి దొరికింది గానీ పని కదల్లేదు. 2015లో గనుల చట్టం మార్చి లీజులన్నీ వేలంలోనే అన్నాక, డబ్బున్న కంపెనీలతో పాట పాడే స్తోమత సొసైటీలకు ఎక్కడిది? బకాయిలు తీర్చండి, ఉంటున్న క్వార్టర్లు మా పేర రాయండి అన్న డిమాండు ఇప్పటికీ డిమాండుగానే ఉంది.

ప్రభుత్వం మాట చిన్నది: ఆదాయం వస్తుంది, ఉద్యోగాలు వస్తాయి, దిబ్బలు కరిగితే దుమ్ము బాధ కూడా తీరుతుంది.

ఊళ్లో వాళ్ల మాట వేరు. ఆషాఢ గాలి లేచిందంటే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల్లో ఆరేసిన బట్టల మీద, కిటికీ చువ్వల మీద తెల్లటి పొర. వేలితో గీస్తే గీత పడుతుంది. జనం దాన్ని సైనైడ్ అనే అంటారు. నిజానికి సైనైడ్ ఎండకూ గాలికీ చాలావరకు విరిగిపోతుంది. ఊపిరితిత్తుల్లో దిగి కూర్చునేది సన్నటి రాతిపొడి, అంటే సిలికా. ఆ పొడితో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు సిలికోసిస్ అంటే ఏమిటో గనిలో పనిచేసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వాళ్ల అనుమానంలో లెక్క ఉంది. టన్నులో గ్రాము కూడా లేని బంగారం తీశాక మిగిలేది దాదాపు టన్నే. 3.3 కోట్ల టన్నుల్లో 23 టన్నులు పోతే దిబ్బ కరగదు, చోటు మారుతుంది. ఇన్నేళ్లలో కాస్త గట్టిపడిన పొరలను యంత్రాలతో తవ్వి, లారీల్లో పోసి, మళ్లీ సైనైడ్‌లో నానబెట్టి, మళ్లీ ఎక్కడో పోయాలి. పాత గని సొరంగాల్లోకి నింపుతారా, అడుగున షీటు పరిచిన చెరువు కడతారా అన్నదాన్ని బట్టి ఖర్చు మారుతుంది. ఖర్చును బట్టి వేలంలో పాట.

పాదరసం సంగతి దాదాపు ఎవరూ ఎత్తడం లేదు. సైనైడ్ బంగారాన్నే కాదు, పాత పాదరసాన్నీ కొంత కరిగిస్తుంది. ద్రావణంలోంచి బంగారాన్ని పట్టడానికి ఇప్పుడు వాడే బొగ్గు రేణువులకు, బంగారంతో పాటే అదీ పట్టుకుంటుంది. ఆ బొగ్గును వేడిచేసినప్పుడు, బంగారాన్ని కరిగించినప్పుడు ఆవిరై లేస్తుంది. ఆవిరిని పట్టి చల్లార్చే రిటార్టు ఉంటే పాదరసం సీసాల్లోకి చేరుతుంది, లేకుంటే పొగగొట్టంలోంచి ఊరి మీదికే వస్తుంది. పాదరసం వాడకాన్నీ విడుదలనూ తగ్గిస్తామన్న మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది.

ఇది సరిహద్దు ఇవతల వాళ్లకూ పట్టాల్సిన విషయమే. చిత్తూరు జిల్లాలో బిసానత్తం, చిగురుగుంట, అనంతపురం వైపు రామగిరి ఒకప్పుడు భారత్ గోల్డ్ మైన్స్ గనులే. చిగురుగుంట-బిసానత్తం బ్లాకును తర్వాత వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీ దక్కించుకుంది. కోలార్ దిబ్బల టెండరులో మిగులు పొడికీ, పాదరసానికీ, పాత కార్మికుల బకాయిలకూ ఏ షరతు పెడతారో, కుప్పం వైపు గ్రామాలు రేపు దాన్నే చూపించి అడుగుతాయి.