5+3+3+4: పర్లాకిమిడి తల్లిదండ్రుల అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పబట్టి ఇరవై రెండేళ్లయింది. మాది ఒడియా మీడియం బడి. నా తరగతిలో సగానికి పైగా పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. చుట్టరికాలన్నీ అటూ ఇటూ ఉంటాయి. అందుకే బడి చదువును 5+3+3+4 ఏళ్ల దశలుగా విడదీసిన 2020 జాతీయ విద్యావిధానం మీద అక్కడి కబురు ఇక్కడికి, ఇక్కడి కబురు అక్కడికి చేరి కలగాపులగం అయిపోతోంది. బడి గేటు దగ్గర నన్ను ఆపి అడిగే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "మేష్టారూ, పదో తరగతి తీసేశారటండీ! బోర్డు పరీక్షలు లేవటగా?"

ఉన్నాయి. 10, 12 తరగతుల బోర్డు పరీక్షలు కొనసాగుతాయని విధానంలోనే రాసి ఉంది. బట్టీ తగ్గేలా వాటిని మార్చమని, రెండుసార్లు రాసే వీలు ఇమ్మని చెప్పారు. సీబీఎస్ఈ ఆ వీలు పదో తరగతికి 2026 నుంచి ఇచ్చింది. ఒడిశా బోర్డు మెట్రిక్ సర్టిఫికెట్ విలువ ఎక్కడికీ పోలేదు.

అపోహ: "ఐదు, మూడు, మూడు, నాలుగు కూడితే పదిహేను. ఇంకో మూడేళ్లు చదివించాలా?"

అక్కర్లేదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పిన 10+2లో లెక్క ఒకటో తరగతి నుంచి మొదలయ్యేది. ఇప్పుడు దానికి ముందున్న మూడేళ్లనూ, అంటే అంగన్‌వాడీ వయసునూ లెక్కలోకి తెచ్చారు. మూడేళ్ల పిల్ల నుంచి రెండో తరగతి దాకా మొదటి దశ. 3 నుంచి 5 రెండోది, 6 నుంచి 8 మూడోది, 9 నుంచి 12 నాలుగోది. పన్నెండు పూర్తయ్యేది ఎప్పటిలాగే పద్దెనిమిదేళ్లకి.

ఈ మార్పులో నాకు బాగా నచ్చింది ఆ మొదటి దశే. అంగన్‌వాడీలో చింతపిక్కలు పదేసి చొప్పున కుప్పలు పెట్టడం అలవాటైన పిల్లకి కూడిక నేర్పడం వారం రోజుల పని. ఆ ఆట ఆడని పిల్లకి మూడు నెలలు పడుతుంది. ఆ తేడా ఏటా కళ్లారా చూస్తున్నాను. అంగన్‌వాడీ అంటే గుడ్డు తిని వచ్చే చోటని అనుకోకండి, దయచేసి.

ఐదేళ్లకే ఒకటిలో వేసేస్తే ఏడాది కలిసొస్తుందనే వాళ్లకి కూడా ఇదే నా జవాబు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. ఐదేళ్లు నిండిన వాళ్ల కోసం ఒడిశా ప్రాథమిక బడుల్లో 2025-26 నుంచి శిశు వాటిక పెట్టారు. అక్కడ చేర్చండి.

అపోహ: "ఆంధ్రలో 3, 4, 5 తరగతుల్ని హైస్కూల్లో కలిపేశారు. అది ఢిల్లీ రూలే, రేపు మనకీ తప్పదు."

ఆ విలీనం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఇచ్చిన 117 నంబరు జీవో వల్ల జరిగింది. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. జాతీయ విధానం చెప్పింది వేరు. ఈ దశలు పాఠ్యాంశాలకూ బోధనకూ సంబంధించినవనీ, వాటికి తగ్గట్టు భవనాల ఏర్పాటు మార్చనక్కర్లేదనీ స్పష్టంగా రాశారు. ఐదు నుంచి పది కిలోమీటర్ల లోపు బడుల్ని ఒక హైస్కూలుతో కలిపి 'స్కూల్ కాంప్లెక్స్'గా నడపమన్న మాట ఉంది. దాని అర్థం ల్యాబు, ఆటస్థలం, మేష్టార్లు లాంటివి పంచుకోమని. ఏడేళ్ల పిల్లని రోడ్డు దాటించి హైస్కూలుకు నడిపించమని అందులో ఎక్కడా లేదు.

అపోహ: "ఐదు దాకా మాతృభాషలోనే అన్నారు కదా, ఇక మన పిల్లలకి తెలుగు మీడియం వచ్చేసినట్టే."

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు. విధానంలో 'వీలైన చోటల్లా' అని ఉంది. మాతృభాషతో పాటు ఇంటిభాష, స్థానిక భాష, ప్రాంతీయ భాష అనీ ఉంది. ఒడిశాలో ఒడియా మీడియం నడిపితే ఆ మాట తప్పినట్టు కాదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదివే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. అయినా టీచరూ పుస్తకాలూ వాటంతట అవి రావు, అడగాలి.

ఒక సంగతి చెబుతాను. ఒడియా 'ఠ' అక్షరం గుండ్రంగా అచ్చం మన సున్నాలా ఉంటుంది. ఇంటి దగ్గర నాన్నమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దిన ఒక పాప, ఒకటో తరగతి పుస్తకంలో 'పాఠ' అన్న మాటని చూసి "పాం" అని చదివింది. తరగతంతా నవ్వింది. ఆ పాప వారం రోజులు నోరు విప్పలేదు. ఆమెకి చదవడం రాక కాదు, రెండు లిపులు తెలిసిపోయి వచ్చిన చిక్కది. బోర్డు మీద తెలుగు సున్నా, ఒడియా 'ఠ' పక్కపక్కన రాసి తెలుగులో చెప్పాక రెండు నిమిషాల్లో అర్థమైంది.

అంతకుముందు ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, తరగతిలో తెలుగు మాట వినిపించకూడదని నాకు గట్టిగా చెప్పి వెళ్లారు. అప్పుడు తల ఊపాను. ఇప్పుడైతే విధానంలోని 4వ అధ్యాయం చూపిస్తాను. ఇంటిభాష వేరైన పిల్లలకు రెండు భాషల్లో చెప్పడాన్ని, రెండు భాషల సామగ్రి వాడడాన్ని ప్రోత్సహించాలని అందులో ఉంది.

ఈ ఊళ్లో ఇదేమీ కొత్త మాట కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే మేష్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఒడిశా ప్రభుత్వం కూడా 2007 నుంచి సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతులు నడిపింది.

మన బడిలో తెలుగు టీచరు కావాలన్నా, రెండు భాషల పుస్తకాలు కావాలన్నా అడగాల్సిన చోటు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మీటింగుకి వచ్చి, మీ ఇంట్లో పిల్లలు ఏ భాష మాట్లాడతారో రిజిస్టర్లో రాయించండి. ఎంతమందికి తెలుగు ఇంటిభాషో ఆ కాగితం మీద కనబడితే, టీచరు కోసం నేను పెట్టే అర్జీకి దాన్నే జతచేస్తాను.