“సౌండ్ పెంచు” అన్న మాట ఆంప్లిఫయర్ దాకా వెళ్ళే దారి

సోఫాలో కూర్చుని “అలెక్సా, టీవీ వాల్యూమ్ అప్” అంటాం. టీవీ తెర మీద గీత పెరుగుతుంది. హోమ్ థియేటర్ మాత్రం ఎంత మోగుతోందో అంతే మోగుతుంటుంది. ఈసారి గట్టిగా చెప్తాం. గీత ఇంకాస్త పెరుగుతుంది, సౌండ్ పెరగదు. పక్కనున్నవాళ్ళు విసుక్కుని “ఆ రిమోట్ ఇలా ఇవ్వండి” అంటారు. పాత హోమ్ థియేటర్ పారేయడం ఇష్టంలేక, టీవీకి కొత్త స్ట్రీమింగ్ స్టిక్ (ఇంటర్నెట్‌లోని సినిమాలు టీవీలో చూపించే చిన్న పరికరం) తగిలించి దానితోనే కలిపి వాడుకునే ఇళ్ళల్లో ఇది రోజూ జరిగేదే. నిందేమో అలెక్సా మీదో గూగుల్ అసిస్టెంట్ మీదో పడుతుంది. కానీ వాటికి మాట బాగానే అర్థమైంది, లేకపోతే ఆ గీత కదిలేదే కాదు. ఇంటర్నెట్‌లో వందల కిలోమీటర్లు తిరిగొచ్చిన ఆ మాట చిక్కుకున్నది టీవీకీ, హోమ్ థియేటర్ స్పీకర్లని మోగించే ఆంప్లిఫయర్ పెట్టెకీ మధ్య ఉన్న ఆఖరి మీటరున్నర వైరులో.

ముందు మైకు సంగతి. 2014లో అమెరికాలో వచ్చిన మొదటి ఎకో, అంటే అలెక్సా పలికే అమెజాన్ స్పీకర్ డబ్బా పైభాగంలో ఏడు మైకులుండేవి, చుట్టూ ఆరు, నడుమ ఒకటి. వాటిలో రెండింటి మధ్య ఏడు సెంటీమీటర్లు ఉందనుకుందాం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఒక పక్కనుంచి వచ్చిన మాట ఆ ఏడు సెంటీమీటర్లు దాటడానికి సెకనులో దాదాపు ఐదువేల వంతు పడుతుంది. మనకది లెక్కలోకి రాని సమయం. శబ్దాన్ని సెకనుకు 16,000 సార్లు కొలిచే పరికరానికి మాత్రం అది మూడు కొలతల తేడా. ఏ మైకుకి ముందు చేరింది, ఏ మైకుకి తర్వాత చేరింది అన్న ఈ తేడాని బట్టి మాట ఏ వైపు నుంచి వస్తోందో పట్టుకుని, ఆ వైపు చెవి పెట్టి మిగతా వైపులు తగ్గించుకుంటుంది.

దీనికి తోడు ఇంకో తెలివి ఉంది. ఎకో తనే పాట పాడుతున్నప్పుడు, తను ఏం పాడుతోందో తనకు తెలుసు కాబట్టి మైకులోకి వచ్చిన దాంట్లోంచి ఆ పాటను తీసేసి మిగిలింది వింటుంది. సినిమా శబ్దం వేరే డబ్బాలోంచి, అంటే మన హోమ్ థియేటర్ స్పీకర్లలోంచి వస్తుంటే ఈ తీసివేత కుదరదు. ఏం తీసేయాలో దానికి తెలియదు. పైగా సినిమాలో ఉన్నవి కూడా మనిషి గొంతులే. అందుకే ఫైటు సీన్లో మన మాట దానికి ఎక్కదు. ఒక్కోసారి టీవీలో ఎవరో అన్న మాటకి అదే పలుకుతుంది. 2017 జనవరిలో అమెరికాలోని శాండియాగోలో ఒక టీవీ చానెల్ వార్తల్లో, ఒక చిన్నపిల్ల అలెక్సాకి చెప్పి బొమ్మరిల్లు తెప్పించుకున్న కథ చెప్పారు. యాంకర్ నోట ఆ మాట రాగానే తమ ఇళ్ళల్లోని ఎకోలు కూడా బొమ్మరిల్లు ఆర్డరు పెట్టబోయాయని ప్రేక్షకులు కొందరు ఫిర్యాదు చేశారు.

కాబట్టి మాట వినే స్పీకరుని టీవీ బల్ల మీద, ఊఫర్ పక్కన పెట్టకండి. మనం కూర్చునే వైపు పెట్టండి. అంతకంటే మంచిది స్టిక్‌తో వచ్చే రిమోట్‌లోని మైకు. మూడు మీటర్ల దూరంలో ఉన్న మైకుకీ, నోటికి పదిహేను సెంటీమీటర్లలో పట్టుకున్న మైకుకీ దూరంలో ఇరవై రెట్ల తేడా. గదిలో ప్రతిధ్వనిని పక్కన పెడితే, దగ్గరి మైకులో మన గొంతు 26 డెసిబెల్స్ ఎక్కువ వినపడుతుంది. శక్తిలో చెప్పాలంటే 400 రెట్లు. పైగా బటన్ నొక్కితేనే అది వింటుంది. చేతులు ఖాళీగా ఉండాలన్న మోజుకి నేను పెద్ద విలువ ఇవ్వను. సినిమా చూసేటప్పుడు రిమోట్ మైకే మేలు.

మాట ఇంట్లోంచి కంపెనీ కంప్యూటర్లకి వెళ్ళి రావడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, వెయ్యి కిలోమీటర్లకి ఐదు మిల్లీసెకన్లు చాలు. మన మాటల్ని అక్షరాలుగా, అక్షరాల్ని ఆజ్ఞగా మార్చే పని కలిపినా మామూలుగా సెకనూ రెండు సెకన్లలో జవాబు స్టిక్‌కి వచ్చేస్తుంది.

అసలు కథ ఇక్కణ్ణుంచి.

టీవీకి స్టిక్‌నీ ఆంప్లిఫయర్‌నీ కలిపేది హెచ్‌డీఎమ్ఐ, బొమ్మనీ శబ్దాన్నీ కలిపి మోసే పద్ధతి. ఆ వైరు కొసన 19 పిన్నులుంటాయి. వాటిలో ఎక్కువ భాగం బొమ్మకీ శబ్దానికీ పోతాయి. 2013లో వచ్చిన హెచ్‌డీఎమ్ఐ 2.0 వీటిమీద సెకనుకు 1800 కోట్ల బిట్లు పంపగలదు. అదే వైరులో 13వ పిన్ను మాత్రం వేరే పని చేస్తుంది. దాని పేరు సీఈసీ. టీవీ, స్టిక్, ఆంప్లిఫయర్ ఒకదానితో ఒకటి “ఆన్ అవ్వు”, “సౌండ్ పెంచు”, “ఇప్పుడు తెర నాది” అని చెప్పుకునే దారి ఇదే. దాని వేగం సెకనుకు సుమారు 400 బిట్లు. 1800 కోట్ల పక్కన 400! దీని మూలం యూరప్‌లో, మన ఇళ్ళల్లో పెద్దగా కనబడని స్కార్ట్ అనే వెడల్పాటి కనెక్టర్ కాలంలో టీవీకీ వీసీఆర్‌కీ మధ్య పెట్టిన ఒంటి తీగలో ఉంది. 2002 డిసెంబరులో హెచ్‌డీఎమ్ఐ మొదటి రూపం వచ్చినప్పుడు ఆ పాత పద్ధతినే తెచ్చి ఇందులో కలిపారు.

“సౌండ్ పెంచు” అన్నది ఈ తీగ మీద ఎలా పోతుందో దగ్గర్నుంచి చూద్దాం. ముందు 4.5 మిల్లీసెకన్ల ఒక పొడుగాటి గుర్తు, “వినండి” అన్నట్టు. తర్వాత పది బిట్ల చొప్పున మూడు ముక్కలు. మొదటి ముక్కలో పంపేవాడి నంబరు, అందుకునేవాడి నంబరు. రెండో దాంట్లో “ఒక బటన్ నొక్కారు” అనే కోడ్. మూడో దాంట్లో అది వాల్యూమ్ పెంచే బటన్ అనే కోడ్. ఒక్కో బిట్‌కి 2.4 మిల్లీసెకన్లు. మొత్తం 76.5. అంతటితో అయిపోదు. “బటన్ వదిలేశారు” అని ఇంకో సందేశం పోవాలి, దానికి 52.5. రెండింటి మధ్యా కాస్త విరామం. అంటే సౌండ్ ఒక్క మెట్టు పెరగాలంటే దాదాపు 145 మిల్లీసెకన్లు. పది మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలంటే సెకనున్నర. అలెక్సాకి “వాల్యూమ్ బాగా పెంచు” అంటే సౌండ్ మెల్లమెల్లగా మెట్లెక్కినట్టు పెరగడానికి కారణం ఈ తీగే.

నెమ్మదితనం కంటే పెద్ద చిక్కు నంబర్ల దగ్గర వస్తుంది. ఈ తీగ మీద టీవీ నంబరు ఎప్పుడూ 0. ఆడియో సిస్టమ్ నంబరు 5. స్టిక్ లాంటి ప్లేయర్లకి 4, 8, 11 కేటాయించారు. కరెంటు రాగానే ప్రతి పరికరం తనకు కావాల్సిన నంబరుని పిలిచి చూస్తుంది. ఎవరూ పలకకపోతే ఆ నంబరు తనది, ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకున్నట్టే. ఆ తర్వాత ఆంప్లిఫయర్ “ఇకనుంచి శబ్దం సంగతి నేను చూసుకుంటాను” అని టీవీకి చెప్పాలి. టీవీ ఒప్పుకుని తన స్పీకర్లు ఆపేయాలి. ఈ ఒప్పందం కుదిరితేనే సౌండ్ పెంచమన్న ఆజ్ఞ 5వ నంబరుకి చేరుతుంది. కుదరకపోతే 0 దగ్గరే ఆగిపోతుంది. తెర మీద గీత పెరిగి ఆంప్లిఫయర్ ఉలకకపోవడం అంటే ఇదే.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ ఒప్పందం చెడిపోవడం మన దగ్గర బాగా మామూలు. మూడూ ఒకేసారి ఆన్ అవుతాయి. స్టిక్ ముందే లేచి కూర్చుంటుంది. ఆంప్లిఫయర్ ఆలస్యంగా లేస్తుంది. మందు మాత్రం సులువు. మూడింటి ప్లగ్గులూ పీకి, ఒక నిమిషం ఆగి, ముందు టీవీ, తర్వాత ఆంప్లిఫయర్, చివర స్టిక్ ఆన్ చేయండి. చాలాసార్లు అంతే, సర్దుకుంటుంది. టీవీ సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేసి ఉండాలన్నది మర్చిపోవద్దు. ఆ పేరుతో వెతికితే చాలా టీవీల్లో కనిపించదు. శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది. ఉన్న ఒక్క ప్రమాణానికి తలా ఒక పేరు పెట్టుకుని జనాన్ని తిప్పలు పెట్టడం ఏం వ్యాపారమో నాకర్థం కాదు.

ఇప్పుడు ఆజ్ఞని వదిలేసి శబ్దం వెంట పడదాం. స్టిక్‌ని టీవీకి పెడితే బొమ్మ టీవీలో ఉంటుంది, శబ్దం ఆంప్లిఫయర్‌కి రావాలి. మామూలుగా హెచ్‌డీఎమ్ఐలో శబ్దం ప్లేయర్ నుంచి టీవీ వైపే పోతుంది. దాన్ని టీవీ నుంచి వెనక్కి తెచ్చే ఏర్పాటు 2009లో హెచ్‌డీఎమ్ఐ 1.4తో వచ్చింది, పేరు ఏఆర్‌సీ. అంతవరకూ పనిలేకుండా ఉన్న 14వ పిన్నుని దీనికి వాడుకున్నారు. టీవీ వెనక నాలుగు సాకెట్లున్నా ఏఆర్‌సీ అని రాసి ఉన్నది సాధారణంగా ఒక్కటే. ఫోన్ చేసి “సౌండ్ రావట్లేదు” అనేవాళ్ళని నేను మొదట అడిగేది వైరు ఏ సాకెట్లో పెట్టారనే.

సాకెట్ సరైనదే అయినా సౌండ్ రాకపోతే అది భాష తగాదా. విడివిడిగా ఆరు చానెళ్ళ శబ్దాన్ని, అంటే ఆరు స్పీకర్లకి వేర్వేరుగా పోయే శబ్దాన్ని, కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 70 లక్షల బిట్లు కావాలి. ఏఆర్‌సీలో అంత చోటు లేదు. కాబట్టి కుదించి పంపుతారు. పాత ఆంప్లిఫయర్లకి తెలిసిన కుదింపు పద్ధతి డాల్బీ డిజిటల్, అది సెకనుకు 640 కిలోబిట్లకి మించదు. ఇప్పటి ఓటీటీలు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్. పేరులో ఒక్క ప్లస్సే తేడా, కానీ పాత పెట్టెకి అది బొత్తిగా తెలియని భాష. తనకేం వచ్చో ఆంప్లిఫయర్ ముందే ఒక చిట్టా చెప్తుంది. ఆ చిట్టా టీవీ ద్వారా స్టిక్‌కి సరిగ్గా చేరితే స్టిక్ దానికి తగ్గట్టు మార్చి పంపుతుంది. మధ్యలో టీవీ తన చిట్టా ఇచ్చి ఊరుకుందా, ఆంప్లిఫయర్ మూగనోము పడుతుంది. అప్పుడు స్టిక్ ఆడియో సెట్టింగుల్లో పీసీఎమ్ (కుదించని మామూలు శబ్దం) అని పెట్టి చూడండి. రెండే చానెళ్ళు వస్తాయి గానీ శబ్దం వస్తుంది, వైరు బాగానే ఉందని తేలుతుంది. అక్కణ్ణుంచి డాల్బీ డిజిటల్‌కి మార్చుకోవచ్చు. 2017లో హెచ్‌డీఎమ్ఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీలో ఈ ఇరుకు లేదు. బ్లూరేలో వచ్చే డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటి బరువైన శబ్దం కూడా పడుతుంది. ఓటీటీ ఒక్కటే చూసేవాళ్ళు మాత్రం దానికోసం కొత్త ఆంప్లిఫయర్ కొనక్కర్లేదు. ఓటీటీల్లో అట్మాస్ (తలపైనుంచి కూడా వచ్చినట్టు వినిపించే డాల్బీ శబ్దం) కూడా డాల్బీ డిజిటల్ ప్లస్ మీదే ఎక్కి వస్తుంది, దానికి ఏఆర్‌సీ చాలు.

అసలు హెచ్‌డీఎమ్ఐయే లేని పెట్టెల మాటేమిటి? హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ముచ్చటపడి కొన్న అసెంబుల్డ్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్) ఆంప్లిఫయర్లు ఇంకా ఎన్నో ఇళ్ళల్లో దిట్టంగా మోగుతున్నాయి. వాటిలో కొన్నింటికి ఆప్టికల్ సాకెట్ ఉంటుంది. 1983లో తోషిబా తెచ్చిన ఈ పద్ధతిలో శబ్దం ఎర్రటి వెలుగుగా పోతుంది. టీవీ నుంచి అందులోకి డాల్బీ డిజిటల్ 5.1 హాయిగా వస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళల్లో వచ్చే ‘గుయ్య్’ అన్న చప్పుడు కూడా టీవీ వైపు నుంచి దూరదు, ఎందుకంటే మధ్యలో లోహపు తీగ లేదు. కానీ సీఈసీ పోవడానికి దారీ లేదు. ఈ పెట్టె అలెక్సా మాట వినే అవకాశం ఆ వైరులో లేనే లేదు.

మిగిలిన దారి ఇన్‌ఫ్రారెడ్, అంటే మన మామూలు రిమోట్ పద్ధతి. రిమోట్ ముందున్న బల్బు కంటికి కనబడని వెలుగుని మామూలుగా సెకనుకు 38,000 సార్లు మినుకుతూ కోడ్ పంపుతుంది. ట్యూబ్‌లైటూ ఎండా రిసీవరుని తికమక పెట్టకుండా ఉండేందుకే ఆ లయ. అమెజాన్ వారి ఫైర్ టీవీ క్యూబ్ లాంటి స్ట్రీమింగ్ పెట్టెల్లో ఈ బల్బులు లోపలే ఉన్నాయి. అది పెద్ద కంపెనీల ఆంప్లిఫయర్ల కోడ్‌లు ఎరుగును. అసెంబుల్డ్ పెట్టె పేరు ఆ జాబితాలో దొరకదు. దానికి వైఫైతో పనిచేసే విడి ఐఆర్ బ్లాస్టర్లు, అంటే రిమోట్‌లా ఇన్‌ఫ్రారెడ్ వదిలే చిన్న పరికరాలు దొరుకుతాయి. పాత రిమోట్‌ని బ్లాస్టర్ వైపు తిప్పి నొక్కితే కోడ్ నేర్చుకుంటుంది, తర్వాత అలెక్సా చెప్పినప్పుడు అదే కోడ్‌ని వదులుతుంది. ఒక్క లోటుంది. సీఈసీలో ఆంప్లిఫయర్ “అందింది” అని జవాబిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌కి జవాబుండదు. అడ్డంగా ఎవరో నిలబడితే ఆజ్ఞ గాల్లో కలిసిపోయినట్టు అలెక్సాకి తెలియదు, “ఓకే” అంటుంది.

ఇంత గొడవెందుకు, బ్లూటూత్‌తో కలిపేస్తే పోలా అని చాలామంది అడుగుతారు. పాటలకైతే కలిపేయండి, ఏ ఇబ్బందీ లేదు. సినిమాకి మాత్రం పెదాలకీ మాటకీ పొత్తు కుదరదు. శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే, లేదా 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి తేడా పసిగడతాడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సులో ఉంది. ఆలస్యాన్ని ఎక్కువ ఓర్చుకుంటామన్నమాట. దూరంగా బట్టలుతికే మనిషిని చూస్తే దెబ్బ ముందు కనబడి చప్పుడు తర్వాతే వినబడుతుంది, చప్పుడు ముందొచ్చే సంఘటన లోకంలో ఉండదు. మామూలు బ్లూటూత్ ఆలస్యం ఒక్కోసారి 200 మిల్లీసెకన్లు దాటుతుంది.

వైరు పెట్టినా ఈ తేడా రావచ్చు. బొమ్మని నునుపు చేయడానికి టీవీ కొంత సమయం తీసుకుంటుంది, శబ్దం ముందే ఆంప్లిఫయర్‌కి చేరిపోతుంది. చాలా ఆంప్లిఫయర్లలో లిప్ సింక్ అనో ఆడియో డిలే అనో ఒక సెట్టింగు ఉంటుంది. అది శబ్దాన్ని ఆపి పంపగలదు గానీ ముందుకు జరపలేదు. కాబట్టి మాట పెదాలకంటే ముందొస్తుంటే ఆ అంకెను పది పది చొప్పున పెంచుకుంటూ పోండి. మాట వెనకబడి వస్తుంటే దాన్ని ముందు సున్నాకి తెచ్చి, ఆ తర్వాత ఆంప్లిఫయర్‌లోని సరౌండ్ ఎఫెక్టుల్ని ఒక్కొక్కటిగా ఆపేసి చూడండి. స్టిక్‌లోనే ఆడియో, వీడియో కలిపే సెట్టింగు ఉంటే బొమ్మను ఆపి పంపే అవకాశం కూడా దొరుకుతుంది.