గేర్లు మార్పిస్తే మైలేజీ పెరుగుతుందా? మా షెడ్డుకొచ్చే అపోహలు, వాస్తవాలు

"మేస్త్రీగారూ, పెర్ఫార్మెన్స్ గేర్లు వేయిస్తే పికప్‌తో పాటు లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు కూడా ఎక్కువొస్తాయంటగా?" తణుకులో షెడ్డు పెట్టిన దగ్గర్నుంచీ వింటున్న ప్రశ్న ఇది. రొయ్యల పట్టుబడి అయ్యి డబ్బులు చేతికొచ్చిన రోజుల్లో మరీ ఎక్కువ. ఎవరు చెప్పారంటే ఏదో వీడియో అంటారు. ఆ వీడియో చేసినాయన పెట్రోలు మీరు కొట్టిస్తున్నారా, ఆయన కొట్టించుకుంటున్నాడా అని అడగాలనిపిస్తుంది.

అపోహ: మంచి గేర్‌బాక్స్ పడితే మైలేజీ దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: చిన్న లెక్క చెయ్యండి. బాగున్న మాన్యువల్ గేర్‌బాక్స్ ఇంజిన్ బలంలో నూటికి 90 పైనే ముందుకు పంపిస్తుంది. లోపల పోయేది పదిలోపే. మీ బండి లీటరుకి 18 ఇస్తోందనుకోండి. ఆ పోయేది మొత్తం ఆపేసినా 20 దాటదు. మొత్తం ఆపడం ఎవరి వల్లా కాదు. మరి 23 ఎక్కణ్ణుంచి తెస్తారండీ?

అసలు పికప్ కోసం ఫైనల్ డ్రైవ్ (చక్రాలకి బలం పంపే ఆఖరి గేర్ల జత) మార్చారంటే కథ రివర్స్‌లో నడుస్తుంది. టాప్ గేరులో 100 మీద 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ఉండే బండికి పది శాతం షార్ట్ గేరింగ్ (చక్రం ఒక్క చుట్టుకి ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరిగే గేర్లు) వేస్తే అదే వేగానికి 2,750 తిరగాలి. తిరిగిన ప్రతి చుట్టుకీ రాపిడి ఖర్చుంటుంది. నేషనల్ హైవే 16 మీద రోజూ రాజమండ్రి వెళ్లొచ్చేవాళ్లకి ఆ తేడా బంకులోనే తెలుస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కే బండికో, లోడు లాగే బండికో షార్ట్ గేరింగ్ పనికొస్తుంది. మన డెల్టాలో ఎత్తంటే ఏముంది, సిద్ధాంతం బ్రిడ్జీ, రావులపాలెం దగ్గర జొన్నాడ బ్రిడ్జీ.

టాప్ గేరు ఇంకా పొడుగ్గా, అంటే ఇంజిన్ తక్కువ చుట్లు తిరిగేలా ఉంటే హైవే మీద కాస్త కలిసొచ్చే మాట నిజమే. కానీ రోజంతా కాలవగట్టు మీద గేదెల వెనకాల తిరిగేవాళ్లు ఆరో గేరు ఎప్పుడేస్తారు? వేసినా ఇంజిన్ గునుస్తుంది, మళ్లీ కిందికే దించాలి.

ఒకాయన సంగతి చెబుతాను. రిటైరైన లెక్కల మాస్టారు, సెకండ్ హ్యాండ్‌లో బండి కొన్నారు. ముందు ఓనరు కుర్రాడు హెవీ డ్యూటీ క్లచ్ వేయించాడు. మైలేజీ చూస్తే 11. ఎవరో చూసి "గేర్‌బాక్సే తాగేస్తోంది, మార్చాల్సిందే, డెబ్బై వేలు" అన్నారట. పాపం ఆయనకి రెండు రాత్రులు నిద్రలేదు. బండి అమ్మేస్తానని నా దగ్గరికొచ్చారు.

టెన్షన్ పడకండి మాస్టారూ అని పక్కన కూర్చోబెట్టుకుని కాలవ రోడ్డెక్కాను. నాలుగో గేరులో 40 మీద నిదానంగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాను. ఆర్‌పీఎం ముల్లు గభాల్న 3,500కి లేచింది, స్పీడు ముల్లు మాత్రం 40 దగ్గరే ఊగుతోంది. కాలిన వాసన. "ఇది రోజూ వస్తుందండీ, రైస్ మిల్లుదేమో అనుకున్నాను" అన్నారాయన. క్లచ్ జారుతోంది. పెడల్‌కి ఫ్రీ ప్లే (క్లచ్ పట్టు వదిలేముందు ఉండాల్సిన ఖాళీ కదలిక) అస్సలు లేదు. క్లచ్ వేసినవాళ్లు కేబుల్ బిగించేశారు, కాలు పెట్టకపోయినా సగం తొక్కినట్టే ఉంది. ప్లేటు అద్దంలా మెరిసిపోయింది. మామూలు క్లచ్ సెట్ వేసి, కేబుల్ సరిచేశాను. గేర్‌బాక్స్‌లో ఒక్క గేరు కూడా ముట్టుకోలేదు. నెల తర్వాత నోటుబుక్ తెచ్చి చూపించారు. ప్రతి ఫుల్ ట్యాంకూ తేదీతో సహా ఎర్ర ఇంకుతో రాసుకున్నారు. చివరి లైను 15.4. కింద రెండు గీతలు.

మైలేజీ పడిపోయిందని వస్తే నేను ముందు చూసేది క్లచ్, టైర్లలో గాలి, బ్రేకులు పట్టేస్తున్నాయేమో. గేర్‌బాక్స్ విప్పేది ఆఖర్న.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చిక్కటి గేరాయిల్ పోస్తే గేర్లకి బలం అంటారు, అనవసరంగా చిక్కనిది పోస్తే రాపిడే పెరుగుతుంది. జీఎల్-4 రకం గేరాయిల్ పొయ్యమన్న చోట జీఎల్-5 రకం పోస్తే కొన్ని బాక్సుల్లో ఇత్తడి సింక్రో రింగులు (గేర్లు మెత్తగా పడేలా చేసేవి) తినేస్తుంది. బ్రిడ్జి దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే ఆదా అన్నది కార్బురేటర్ కాలం మాట. ఇంజెక్షన్ బండిని గేరులోనే ఉంచి కాలు తీస్తే పెట్రోలు కట్ అవుతుంది, న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కి తాగుతూనే ఉంటుంది. ఆటోమేటిక్‌లో షిఫ్ట్ కిట్ (గేర్లు గట్టిగా, త్వరగా పడేలా చేసే సామాను) వేస్తే మైలేజీ అంటారు. టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా కలిపి పట్టే ఏర్పాటు) సరిగ్గా పడుతోందా అని చూపించుకోండి చాలు.

ఇంకొకటుంది, మీటరు మాయ. పాలకొల్లు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. క్లోజ్ రేషియో గేర్లతో (ఒక గేరుకీ ఇంకో గేరుకీ తేడా తక్కువుండేవి) పాటు 175/65 ఆర్14 టైర్లు తీసి 185/70 ఆర్14 వేయించాడు. 18 వచ్చేది 17 అయింది, గేర్లే ముంచాయన్నాడు. ఆ టైరు పాతదానికంటే ఐదు శాతం పైగా పెద్దది. మీటరు 100 చూపిస్తే బండి నిజంగా 105 తిరుగుతుంది. ఆ లెక్కన 17 అంటే దాదాపు 18 వచ్చినట్టే, ఏమీ తగ్గలేదు. ఇదంతా కాగితం మీద వేసి చూపించాను. తల గోక్కున్నాడు. నా దగ్గరికి రాకముందే ఇంకో షెడ్డులో పాత గేర్లు మళ్లీ ఎక్కించేసుకున్నాడట. విప్పినందుకూ బిగించినందుకూ రెండు లేబర్లు.