ఖరీదైన దేశాల టూర్లు: బరంపురంలో మేం వినే అపోహలు, అసలు వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి మా ట్రావెల్ ఆఫీసుకి వచ్చే తెలుగు కుటుంబాలు ముందుగా అడిగేది ఒకటే: "సింగపూర్ గానీ స్విట్జర్లాండ్ గానీ, తక్కువలో ఎలా అవుతుందండీ?" జవాబు కూడా చాలాసార్లు వాళ్ల దగ్గరే ఉంటుంది. తిండి మనమే పట్టుకెళ్తే చాలంటారు. ఈ పనిలో ఉన్నవాడిగా నేను చూసిందేమిటంటే, పెద్ద మొత్తాలు మిగిలేది తిండి దగ్గర కాదు. టికెట్ కొనే తీరులో, బస ఎంచుకోవడంలో, కార్డు గీకే చోట మిగులుతాయి.

అపోహ: పచ్చళ్లు, పొడులు సంచినిండా పట్టుకెళ్తే సగం ఖర్చు తగ్గినట్టే.

వాస్తవం: ఆవకాయ, కందిపొడి ఉంటే పెద్దవాళ్లకు ధైర్యంగా ఉంటుంది, కాదనను. కానీ గసగసాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. మన మసాలాల్లోనూ, పక్కింటి ఒడియా వాళ్ల పోస్తొ కూరల్లోనూ అవి మామూలే. యూఏఈలో మాత్రం అవి నిషేధం, దుబాయ్‌లో పట్టుబడితే జైలుదాకా వెళ్లే వ్యవహారం. సింగపూర్‌లోనూ ఆంక్షలున్నాయి. ఇంట్లో కొట్టిన మసాలా పొడి సర్దే ముందు అందులో ఏమేం వేశారో అమ్మనో అత్తయ్యనో తప్పకుండా అడగండి. యూరప్, స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లు నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టుకోకూడదు. మాంసం, పాల పదార్థాలు బయటి నుంచి రానివ్వరు.

అక్కడ చౌకగా తినే దారులు లేకపోలేదు. సింగపూర్‌లో హాకర్ సెంటర్లున్నాయి, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండేవి, అక్కడివాళ్లు కూడా రోజూ తినేది వాటిలోనే. స్విట్జర్లాండ్‌లో కోప్, మిగ్రో సూపర్‌మార్కెట్లలో తయారైన భోజనం దొరుకుతుంది. రెండు చోట్లా కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

అపోహ: విదేశం వెళ్లాలంటే హైదరాబాదో కోల్‌కతానో పోవాల్సిందే, అక్కడే టికెట్ చౌక.

వాస్తవం: మనకు అటు భువనేశ్వర్, ఇటు విశాఖ ఉన్నాయి. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది. హైదరాబాద్ టికెట్ కాస్త తక్కువ కనిపించినా రైలు, ఒక రాత్రి హోటల్, టాక్సీ కలిపి లెక్కేస్తే చాలాసార్లు ఆ తేడా మిగలదు. ఇంకో సంగతి, రెండు విమానాలు మారేటప్పుడు ఒకే పీఎన్‌ఆర్ మీద బుక్ చేయండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ నష్టం సాధారణంగా మీదే. దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకు మరీ గట్టిగా చెప్తాను. 2013లో ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. రెండూ అక్టోబర్‌లోనే. రైలు దిగిన రోజే విమానం పెట్టుకోకండి. ఆ ఒక్క రాత్రి బస ఖర్చు దండగ కాదు.

అపోహ: మంగళవారం చూస్తే, ప్రైవేట్ బ్రౌజింగ్‌లో చూస్తే విమాన టికెట్ రేటు పడిపోతుంది.

వాస్తవం: ఆ రేటులో ఎన్ని సీట్లు మిగిలాయి, సీజన్ ఏమిటి అన్నవే ధరను నడిపిస్తాయి. ప్రయాణ తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ జరపండి, తేడా కనిపిస్తుంది.

అపోహ: కార్డు మిషన్‌లో రూపాయలు ఎంచుకుంటే లాభం.

వాస్తవం: నష్టం. "రూపాయల్లోనా, ఇక్కడి కరెన్సీలోనా" అని మిషన్ అడిగితే లెక్క తెలుస్తుంది కదా అని మనవాళ్లు రూపాయలు నొక్కేస్తారు. అప్పుడు మారకం రేటు దుకాణం వైపు కంపెనీ వేస్తుంది, తన లాభం కలుపుకునే. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే నొక్కండి, ఏటీఎంలో కూడా. మీ బ్యాంకు మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కార్డు వాడితే బ్యాంకు అదనంగా వేసే రుసుము, కూడా ముందే కనుక్కోండి. చాలా కార్డులకు అది 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి.

అపోహ: మాల్దీవులంటే నీళ్ల మీద విల్లాయే.

వాస్తవం: మాఫుషి లాంటి స్థానికులుండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లున్నాయి, రిసార్టుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. సముద్రం అదే. అక్కడ మద్యం దొరకదు, ఊళ్లో నిండుగా బట్టలు వేసుకోవాలి. ప్రభుత్వ ఫెర్రీలు శుక్రవారం సాధారణంగా నడవవు, చేరే రోజు చూసుకోండి.

స్విట్జర్లాండ్ బస గురించి కూడా ఒక మాట. బాసెల్, బెర్న్‌లలో హోటల్లో దిగినవాళ్లకు సిటీ ట్రాములు, బస్సుల పాస్ ఉచితంగా ఇస్తారు. అడిగి తీసుకోండి.

అపోహ: విదేశీ టూర్ ప్యాకేజీ మీద కట్టే టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) పోయిన డబ్బే.

వాస్తవం: కాదండీ. అది మీ పాన్ మీద జమ అవుతుంది, ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపిస్తుంది. రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది, పన్ను కట్టాల్సింది లేకపోతే వెనక్కి వస్తుంది. ఉద్యోగులు ఆఫీసులో చెప్పుకుంటే జీతంలో కోసే టీడీఎస్‌లోనే తగ్గిస్తారు, 2024 అక్టోబర్ నుంచి ఆ వీలుంది. కాబట్టి డబ్బు ఎవరు కడుతున్నారో వాళ్ల పాన్ మీదే బిల్లు చేయించండి, ఏజెంట్ దగ్గర టీసీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.