రన్ అంటే పరుగెత్తడమేనా? ఒక్క చిన్న క్రియ మీద ఉన్న అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీష్ నేర్పడం నా వృత్తి, మధ్య మధ్యలో అనువాదాలు కూడా చేస్తుంటాను. ఈ రెండు పనుల్లోనూ నాకు ఎక్కువ తప్పులు కనిపించేది పొడుగాటి కష్టమైన మాటల దగ్గర కాదు, అవి తెలియవని అందరికీ తెలుసు కాబట్టి డిక్షనరీ తీస్తారు, నిమిషంలో తేలిపోతుంది. గెట్, టేక్, సెట్, రన్ లాంటి చిన్న క్రియల దగ్గరే అసలు చిక్కు. ఇవి మనకు వచ్చులే అనుకుంటాం, చూడం. అందుకే రన్ ఒక్కదాన్నే తీసుకుని నేను తరచూ వినే అపోహలు రాస్తున్నాను.

అపోహ: రన్ అంటే పరుగెత్తడం, మిగతావన్నీ ఎప్పుడో తగిలే వింత వాడుకలు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కొత్త ఎడిషన్ కోసం ఈ మాటను సవరించిన పీటర్ గిల్లివర్‌కు ఆ ఒక్క మాటతోనే సుమారు తొమ్మిది నెలలు గడిచిపోయాయి. చివరికి క్రియగానే 645 అర్థాలు తేలాయి. 1989 నాటి రెండో ఎడిషన్‌లో సెట్ అనే క్రియ 430కి పైగా అర్థాలతో ముందుండేది, దాన్ని ఇది దాటేసింది. ఇవన్నీ నేర్చుకోవాలని కాదు, ఎవరికీ అంత అవసరం ఉండదు. కానీ రోజూ చదివే ఇంగ్లీషులో రన్ కనిపించిన చోట ఎవరో నిజంగా కాళ్ళతో పరుగెడుతున్న సందర్భాలు ఎన్నో లెక్కపెట్టి చూడండి, మీకే ఆశ్చర్యం వేస్తుంది.

తెలుగులో మనం ఒక్కో పనికి ఒక్కో క్రియ వాడతాం. ఫ్యాను తిరుగుతుంది, బస్సు నడుస్తుంది, కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది, సినిమా ఆడుతుంది, ఉతికితే రంగు దిగుతుంది, కంపెనీని ఎవరో నడుపుతారు, ఎన్నికల్లో ఎవరో పోటీ చేస్తారు. వీటన్నిటికీ ఇంగ్లీషులో రన్ అన్న ఒక్క మాట సరిపోతుంది. ఇది ఇంగ్లీషుకే ఉన్న జబ్బేమీ కాదు. మన కొట్టడం చూడండి. ఈత కొడతాం, చప్పట్లు కొడతాం, కన్ను కొడతాం, బోరు కొడుతుంది, వాసన కొడుతుంది. తెలుగు కొత్తగా నేర్చుకునే మనిషికి కొట్టడం అంటే దెబ్బ వేయడం అని ఒక్క అర్థం చెప్పి పంపిస్తే వాసన కొట్టడం దగ్గర ఎంత తికమకపడతాడో, రన్ దగ్గర మన పిల్లలూ అంతే తికమకపడుతున్నారు. తప్పు వాళ్ళది కాదు, ఒకే అర్థం నూరిపోసిన మనది.

ఈ అర్థాల్లో చాలావాటిని కలిపే దారం ఒకటుంది. ఆగకుండా ఒక దారిన సాగిపోవడం. నీరు సాగుతుంది, యంత్రం సాగుతుంది, నాటకం మూడు వారాలు సాగుతుంది, ఒప్పందం ఫలానా తేదీ దాకా సాగుతుంది. ఏటి పక్కనే రోడ్డు రన్ అవుతుందని ఇంగ్లీషులో అంటారు. కదలని రోడ్డుకు ఈ మాటేమిటని అడిగిన విద్యార్థికి నేను చెప్పేది ఒకటే, మనం కూడా 'ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది' అనే కదా అడుగుతాం.

ఈ దారం పట్టుకున్నా ప్రతిసారీ పక్కనున్న నామవాచకాన్ని చూడక తప్పదు. రన్ ఫర్ ఆఫీస్ అన్నదాన్ని 'ఆఫీసు కోసం పరుగెత్తారు' అని తెలుగు చేయడం నేను ఒకచోట చదివాను. అక్కడ ఆఫీస్ అంటే పదవి, రన్ అంటే పోటీ చేయడం, రెండు మాటలూ ఒకేసారి జారిపోయాయి. ఇదే పనికి బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా స్టాండ్ అంటారు, అమెరికన్లు రన్ అంటారు. ఎన్నికల్లో నిలబడ్డాడు అనే మన మాట బ్రిటిష్ వాడుకకు దగ్గర.

అపోహ: సినోనిమ్స్, అంటే పర్యాయపదాలు, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకోగలిగే మాటలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇది. పరీక్షల కోసం రన్ పక్కన స్ప్రింట్, ఫ్లో, మేనేజ్, ఆపరేట్ అని ఒక వరుస రాయించి బట్టీ పట్టిస్తారు. ఆ మాటలు రన్‌కి చుట్టాలే కానీ ఒకదానికొకటి ఏమీ కావు. స్ప్రింట్‌కీ మేనేజ్‌కీ సంబంధమేమిటి? ముందు అర్థం తేల్చుకోవాలి, ఆ తర్వాతే సినోనిమ్ వెతుక్కోవాలి.

ఒకే అర్థంలో కూడా తేడాలుంటాయి. స్ప్రింట్ అంటే కొద్ది దూరం ఒళ్ళంతా బలం పెట్టి పరుగెత్తడం, జాగ్ అంటే మెల్లగా ఒకే ఊపులో పరుగెత్తడం. ఫ్లీ అంటే ప్రమాదం నుంచి పారిపోవడం, దొరికిపోయాడా లేదా అన్నది ఆ మాట చెప్పదు. ఎస్కేప్ అంటే తప్పించుకున్నట్టే, దానికి పరుగెత్తాల్సిన పని కూడా లేదు. నది విషయంలో రన్, ఫ్లో రెండూ నడుస్తాయి. కానీ కుళాయి తిప్పి నీళ్ళు వదలడాన్ని రన్ ది ట్యాప్ అనొచ్చు, ఫ్లో ది ట్యాప్ అనకూడదు, ఎందుకంటే మామూలు వాడుకలో ఫ్లో తనంతట తాను జరిగే పని, దానికి కర్మ ఉండదు. కంపెనీని రన్ చేయడమంటే పగ్గాలు చేతిలో ఉన్నట్టు. మేనేజ్ చేసే మనిషి ఒక్క విభాగమే చూసుకుంటూ ఉండొచ్చు. పైగా మేనేజ్‌కి ఎలాగో కష్టపడి చేయగలగడం అనే ఇంకో అర్థముంది, అక్కడ రన్ అసలు పనికిరాదు. ఎగ్జిక్యూట్ మరీ జాగ్రత్తగా వాడాలి. ప్రోగ్రామ్‌ని ఎగ్జిక్యూట్ చేస్తే రన్ చేసినట్టు, మనిషిని ఎగ్జిక్యూట్ చేస్తే మరణశిక్ష అమలు చేసినట్టు.

పీటర్ మార్క్ రోజెట్ 1852లో తన థెసారస్, అంటే దగ్గరి అర్థాల మాటల్ని ఒకచోట చేర్చిన పుస్తకం, తెచ్చినప్పుడు మాటల్ని అక్షర క్రమంలో కాకుండా భావాల ప్రకారం పేర్చాడు. మనసులో భావం ఉండి మాట తట్టనివాళ్ళకు పనికొచ్చే పుస్తకం అది. తెలియని మాటను అక్కడినుంచి తీసి వాక్యంలో అతికిస్తే వాక్యం చెడుతుంది.

అపోహ: డిక్షనరీలో మొదట ఇచ్చిన అర్థమే అసలు అర్థం.

అది ఆ డిక్షనరీని బట్టి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ అర్థాల్ని చరిత్ర క్రమంలో పెడుతుంది, పాతది ముందు. నేర్చుకునేవాళ్ళ కోసం చేసినవి ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు పెడతాయి. కాబట్టి మొదటిది చూసి మూసేయకండి, ఉదాహరణ వాక్యాల్లో మీ వాక్యానికి దగ్గరగా ఉన్నది దొరికేదాకా కిందికి వెళ్ళండి.

అపోహ: హావ్ తర్వాత రాన్ రావాలి.

రాదు. నిన్న జరిగిందానికి రాన్, హావ్ తర్వాత మళ్ళీ రన్. ఐ హావ్ రన్. బాగా ఇంగ్లీష్ వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ పొరబడుతుంటారు.

అపోహ: పక్కన అవుట్, ఇంటు లాంటి చిన్న మాటలు చేరినా అర్థం పెద్దగా మారదు.

పూర్తిగా మారిపోతుంది. గోడలోకి రన్ ఇంటు అయితే గుద్దుకోవడం, స్నేహితుడైతే అనుకోకుండా ఎదురుపడటం, కష్టాలైతే చిక్కుల్లో పడటం. మనిషి మీద కారు రన్ ఓవర్ అయితే ఘోరం, నోట్స్‌ని రన్ ఓవర్ చేస్తే ఒకసారి గబగబా చూసుకోవడం. రన్ అవుట్ అనగానే మనకు క్రికెట్ గుర్తొస్తుంది, కానీ మామూలు మాటల్లో అది అయిపోవడం. ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని పాఠాల్లో పెద్దగా చెప్పరు. పేపర్ అయిపోయిందనుకోండి, మన వైపు నుంచి చెప్తే వుయ్ రాన్ అవుట్ ఆఫ్ పేపర్, అక్కడ ఆఫ్ తప్పనిసరి. పేపర్ వైపు నుంచి చెప్తే ది పేపర్ రాన్ అవుట్, అక్కడ ఆఫ్ పెట్టకూడదు.