పిప్పళ్ళు, బెంగళూర కాయలు

తిరుపతి,
జ్యేష్ఠ మాసం

చిరంజీవి అమ్మణ్ణికి తాత ఆశీస్సులు. తమ్ముణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

మన మిరియాలు రోముకు ఎలా వెళ్ళాయని కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో ఇంగ్లీషు వాక్యమంతా కొడితే ఒక్క పుస్తకమూ రాలేదని రాశావు. ఉత్త రోము అని కొడితే లక్షల్లో వచ్చాయట. ఇందులో ఏది చదవాలి తాతా అని అడిగావు. మంచి ప్రశ్న. మామిడికాయల కాలంలో అడిగావు కాబట్టి జవాబు కూడా మామిడికాయల్లోంచే చెప్తాను.

నాకు పదేళ్ళప్పుడు మా నాయన దామలచెరువు మండీకి కాయలు తోలుకెళ్తూ నన్నూ బండెక్కించుకునేవాడు. ఒక ఏడు నన్ను కుప్ప దగ్గర కాపలా పెట్టి కాఫీకి వెళ్ళాడు. కోస్తా నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన "కలెక్టరు కాయలున్నాయా బాబూ?" అని అడిగాడు. లేవన్నాను. ఆయన పక్క కుప్ప బేరం చేసుకుని వెళ్ళిపోయాడు. నాయన వచ్చాక తెలిసింది, నేను ఆనుకుని కూర్చున్నవే కలెక్టరు కాయలని. మనకు బెంగళూర, వాళ్ళకు కలెక్టరు, తమిళం వాళ్ళకు కిళిమూకు, పుస్తకాల్లో తోతాపురి. ఆ రోజు పోయిన బేరం నాకు ఇప్పటికీ గుర్తే.

లైబ్రరీ కంప్యూటరు కూడా అంతే తల్లీ. నువ్వన్న మాట చీటీ మీద ఉంటేనే ఉందంటుంది, లేకపోతే లేదంటుంది. కుప్ప దాని వెనకాలే ఉంటుంది.

గ్రీకు, రోమను చదువుల్లో ఈ పేర్ల చిక్కు మరీ ఎక్కువ. ఆ పరిశోధన ఒక్క ఇంగ్లీషులోనే జరగలేదు. మిరియం జర్మన్ వాళ్ళకు ఫెఫర్, ఇటలీ వాళ్ళకు పేపె, లాటిన్లో పిపెర్. ఇంగ్లీషు వాళ్ళు ప్లినీ అనే పాత రోమను రచయిత లాటిన్లో ప్లీనియస్. మన తీరానికే చూడు. మొదటి శతాబ్దంలో ఎరిథ్రియన్ సముద్ర పెరిప్లస్ అని గ్రీకులో ఒక చిన్న పుస్తకం రాశారు, రాసినవాడి పేరు మిగల్లేదు. మసాలియా అనే సీమలో నూలు బట్టలు విస్తారంగా నేస్తారని అందులో ఉంది. తర్వాతి శతాబ్దంలో టాలమీ అనే భూగోళ పండితుడు దాన్నే మైసోలియా అన్నాడు. అది మన మచిలీపట్నం ప్రాంతమని పండితులు చెప్తారు. ఒక్క పేరు కొడితే రెండోది దాక్కుంటుంది.

అందుకే ముందు కాగితం తీసుకో. వాక్యం వద్దు. నీ ప్రశ్నలో ఉన్న వస్తువులేవి? మిరియం ఒకటి, ఇండియా ఒకటి, రోము ఒకటి. ఒక్కోదాని కింద దానికున్న పేర్లన్నీ రాయి. ఒకే వస్తువు పేర్ల మధ్య ఇంగ్లీషు 'ఆర్' పెట్టి వాటికి బ్రాకెట్లు కట్టు. వేరు వేరు వస్తువుల మధ్య 'యాండ్' పెట్టు. బెంగళూరో కలెక్టరో ఏదైనా సరే అన్నావంటే కుప్ప పెరుగుతుంది. అది పండి ఉండాలి, మచ్చ కూడా ఉండకూడదు అన్నావంటే తగ్గుతుంది. మాట చివర నక్షత్రం గుర్తు పెట్టడం కొమ్మ పట్టుకుని ఊపడం లాంటిది, పిందెలు కూడా రాలతాయి. రోమన్ అన్న అక్షరాలకు నక్షత్రం తగిలిస్తే రొమాన్సూ రుమేనియా కూడా వచ్చి పడతాయి. రెండు మాటలు విడిపోకూడదంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టు, గుత్తిని తాడుతో కట్టినట్టు.

నా చదువు రోజుల్లో ఇవేవీ లేవు, కార్డుల సొరుగులుండేవి. ప్రభాకరశాస్త్రి గారి పుస్తకం కోసం 'ప' సొరుగు మొత్తం రెండు సాయంత్రాలు తిరగేశాను. మూడో రోజు లైబ్రేరియన్ గారు 'వ' సొరుగు లాగి చూపించారు. వేటూరి! ఇంటిపేరు కింద ఉంది. అడగడానికి సిగ్గుపడి రెండు రోజులు పోగొట్టుకున్నాను. నువ్వు సిగ్గుపడకు, మొదటి రోజే అడుగు.

ఈ చదువుకు లానే ఫిలొలొజిక్ అని పెద్ద సూచిక ఒకటుంది, 1928 నుంచి వస్తోంది. ఎవరు ఏది ఎక్కడ రాశారో చెబుతుంది, వ్యాసం మాత్రం చేతికివ్వదు. పాత గ్రంథకర్తల పేర్లు అందులో లాటిన్లో వెతకాలి. వ్యాసాలు జేస్టోర్ అనే ఇంటర్నెట్ భాండాగారంలో చూడు, మరీ కొత్తవి అందులో లేకపోవచ్చు. ప్లినీ పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం పెర్సియస్ అనే వెబ్‌సైటులో ఊరికే దొరుకుతుంది. వీటన్నిటికంటే నేను నమ్మేది ఒకటుంది. మంచి పుస్తకం ఒక్కటి దొరకగానే, లైబ్రరీ వాళ్ళు దానికి వేసిన విషయ శీర్షికలు చూడు. మండీ గుమాస్తా కుప్పకు గుచ్చిన చీటీ అది. దాన్ని నొక్కితే అదే జాతి పుస్తకాలన్నీ ఒకచోట కనబడతాయి. ఆ పుస్తకం పేజీల అడుగున ఉన్న చిన్నక్షరాల ఫుట్‌నోట్లు కూడా వదలకు.

ఇంకా చెప్పొచ్చు గానీ, రాస్తుంటే నా మనసు మిరియాల జాతివే అయిన పిప్పళ్ళ మీదికి పోయింది. దగ్గొస్తే మా అవ్వ పిప్పలి పొడి తేనెలో రంగరించి నాకించేది. ఆ పిప్పలి మాటే ఓడెక్కి గ్రీకులో పెపెరి అయింది, లాటిన్లో పిపెర్ అయింది, నీ ఇంగ్లీషు పెప్పర్ అయింది! మొదటి శతాబ్దపు రోములో పౌండు తూకం పిప్పళ్ళు 15 దెనారియాలు (రోము వెండి నాణేలు), తెల్ల మిరియాలు 7, నల్లవి 4 అని ప్లినీ ధరలు రాసిపెట్టాడు. ఘాటు తప్ప ఏమీ లేని దీనికోసం ఇండియా దాకా వెళ్తున్నామే అని ఆశ్చర్యపోయాడు కూడా.

ఆదివారం తమ్ముణ్ణి తీసుకుని మూలికలమ్మే అంగడికి వెళ్ళు. పిప్పళ్ళు పది రూపాయలవి అడుగు. ఒకటి కొరికి, ఆ ఘాటు నాలుక మీద ఉండగానే దాని పేర్లన్నీ కాగితం మీద రాసుకో.

మీ తాత